మేఘంలో ఒంటిని నమ్ముకుంటే విమానం మిగలదు

బరంపురం బంధువుల గ్రూపులో, రాయగడ స్నేహితుల గ్రూపులో కొన్నాళ్ళుగా ఒకటే ఫార్వర్డ్. “నిజమైన పైలట్ మీటర్లు చూడడు. విమానం ఎటు వాలిందో అతని ఒంటికే తెలుస్తుంది. మేఘాల్లో మీటర్లు మోసం చేస్తాయి, 1978లో బొంబాయి విమానం అలాగే సముద్రంలో పడింది. తోక తిప్పితే విమానం తిరుగుతుంది. ఇప్పుడంతా ఆటోపైలటే.” పైలట్ ట్రైనింగ్‌కి వెళ్ళబోతున్న మా పిన్ని కొడుకు కూడా దాన్నే పంపాడు. ఇక ఊరుకోలేకపోయాను.

తోక మాట తప్పు. రెక్కల చివర్లలో కదిలే పలకలు, ఐలెరాన్లు, రెక్కల్ని ఒక పక్కకి వాలుస్తాయి, మలుపు దానివల్ల వస్తుంది. తోక మీది నిలువు పలక, రడ్డర్, విమానం ముక్కు పక్కకి జారకుండా సర్దుతుంది, అంతే. ఆటోపైలట్‌కి ఒళ్ళు లేదు, అదీ విమానం వాలును కొలిచే గైరోల లెక్క మీదే నడుస్తుంది. మరి మీటర్లు మోసమైతే ఆటోపైలట్ గొప్పదెలా అయింది?

ఇక ప్రాణాలు తీసే మాట, ఒంటికి తెలుస్తుందన్నది. తెలియదు! చెవి లోపలి నాళాల్లో ఉండే ద్రవం తల తిరగడం మొదలైనప్పుడు కదిలి మనకి చెబుతుంది. అదే వేగంతో తిరుగుతూ ఉంటే పది ఇరవై సెకన్లలో ఆ కబురు ఆగిపోతుంది. ఆఫీసు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని, ఎవరినైనా ఒకే వేగంతో తిప్పమనండి. కాసేపటికి కదలనట్టే ఉంటుంది. ఆపగానే ఎదురు వైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మేఘంలో పైలట్ ఆ భ్రమను సరిదిద్దబోయి మళ్ళీ పాత మలుపులోకే విమానాన్ని వాలుస్తాడు. 1954లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో, మీటర్లతో నడపడం నేర్వని 20 మందిని బయట ఏమీ కనబడకుండా నడపమన్నారు. 20 మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో.

బొంబాయి సంగతి. మీటరు చెడుతుంది, అది నిజం. మెసేజ్ రాసినవాడు ఆ ఒక్క ముక్క సరిగ్గానే పట్టుకున్నాడు. 1978 జనవరి 1 రాత్రి ఎయిర్ ఇండియా 855 కెప్టెన్ ముందున్న మీటరు, విమానం కుడికి వాలిందని తప్పు చూపించింది. ఆయన ఎడమకి తిప్పుతూ పోయాడు. అంత పెద్ద జంబో జెట్ రెక్కలు నిట్టనిలువు దాటి పక్కకి పడిపోతుంటే ఆయన ఒంటికి తెలియలేదేం? కింద చీకటి సముద్రం, ఆకాశం సముద్రం కలిసే గీత కనబడదు. కో-పైలట్ మీటరు, మధ్యలో ఉన్న మూడో మీటరు సరిగ్గానే చూపిస్తున్నాయి. ఫ్లైట్ ఇంజనీరు హెచ్చరించాడు కూడా. 213 మంది పోయారు.

తమ్ముడూ, రేపు కొరాపుట్ కొండల మీద వానాకాలం మబ్బుల్లో నీ మీటరు మీద అనుమానం వస్తే పక్క రెండూ చూడు. రెండూ ఒకే మాట చెబితే, ఒళ్ళు ఎంత మొత్తుకున్నా వాటి మాటే విను.