మందుగుండుకు మార్కులు వేసే ఊళ్లు

పిల్లలు కెనడాలో స్థిరపడిన కర్నూలు ఇళ్లలో జులై అంటే ప్రయాణాల నెల. మనుమలను చూసి వచ్చిన పెద్దలు నయాగరా సంగతి ఎలాగూ చెబుతారు. మాంట్రియల్ వెళ్లినవారైతే సెయింట్ లారెన్స్ నది మీద జరిగే బాణసంచా పోటీలను కూడా తలచుకుంటారు. ఆ మాటలు చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగుతాయి: ‘మన తుంగభద్ర ఒడ్డున ఇలాంటిది ఎందుకు పెట్టకూడదు?’

ఆ పోటీని నేనూ చూశాను. నాకు అసూయ పుట్టించింది మాత్రం వంతెన.

1985లో మొదలైన ఈ పోటీలో ఒక్కో రాత్రి ఒక్కో దేశపు బృందం తన పనితనం చూపిస్తుంది. నదిలోని దీవిలో లా రోండ్ అనే వినోద పార్కు ఉంది. అక్కడి నుంచి సుమారు అరగంటపాటు సంగీతానికి తగ్గట్టు గుండ్లు పైకి లేస్తాయి. టికెట్టు కొన్నవారు పార్కులో కూర్చుంటారు. కొననివారికి జాక్ కార్టియర్ వంతెన ఉంది. ప్రదర్శన రాత్రుల్లో దాని మీద వాహనాలు ఆపి, నడిచి వచ్చేవారికి వదిలేస్తారు. పాటను రేడియోలో వినవచ్చు. అయితే శబ్దం కిలోమీటరు దాటడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కనుక, దూరాన ఉన్నవారికి దరువు ఒక దారి, పేలుడు ఒక దారి. దాన్నెవరూ పట్టించుకోరు. మార్కులు వేసే జ్యూరీ కూడా సాధారణ ప్రజల నుంచే వస్తుంది.

జపాన్‌లోని ఒమగారిలో లెక్క ఇంకా కఠినం. 1910లో ఒక ఆలయ ఉత్సవంలో భాగంగా మొదలైన ఆ పోటీ ఏటా ఆగస్టు చివర ఒమోనో నది ఒడ్డున జరుగుతుంది. గుండు విచ్చుకున్నాక వలయం గుండ్రంగా వచ్చిందా, రంగు మారాల్సిన చోట మారిందా, రవ్వలన్నీ ఒక్కసారిగా ఆరాయా అని చూస్తారు. రంగుల పొగలతో పట్టపగలు చేసే ప్రదర్శనకు వేరే విభాగమే ఉంది.

పోటీ మనకూ కొత్త కాదు. జాతరల్లో ఈ వీధివారి ఔట్ల కన్నా ఆ వీధివారివి గట్టిగా పేలాలి, ఎక్కువసేపు పేలాలి. తీర్పు చెప్పేవారు లేరు కనుక ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కేరళలోని పరవూరు పుట్టింగల్ ఆలయంలో వందమందికి పైగా చనిపోయింది పోటీ బాణసంచా వల్లే. జిల్లా యంత్రాంగం ఆ పోటీకి అనుమతి నిరాకరించింది. అయినా కాల్చారు. నిప్పు నిల్వ ఉంచిన మందుగుండుకు అంటుకుంది, చుట్టూ జనం. నది ఒడ్డున పోటీ పెడితే అందం ఒక్కటే కాదు, నిప్పుకూ మనుషులకూ మధ్య ఎవరూ తోసుకుని రాలేని ఖాళీ జాగా దొరుకుతుంది.

తుంగభద్ర వేసవిలో ఆ జాగా ఇవ్వలేదు. కర్నూలు దగ్గర అప్పుడు కనిపించేవి బండలు, మడుగులు. నీళ్లు వచ్చేసరికి వానాకాలం. పైగా బాణసంచాలో బేరియం లవణాలు వాడరాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆకాశంలో మెరిసే ఆకుపచ్చ రంగు ఎక్కువగా బేరియందే.

గుండ్లు పక్కన పెడదాం. నీటి పక్కన జనం పోగయ్యే పండుగ కర్నూలుకు ఇప్పటికే ఉంది. చవితి తర్వాత నిమజ్జనానికి కేసీ (కర్నూలు-కడప) కాలువ మీది వినాయక ఘాట్‌కు ఊరంతా కదులుతుంది. అక్కడా పోటీ విగ్రహం ఎత్తులో, పాట హోరులో. మట్టి పనితనానికి, డప్పు బృందానికి, చెప్పిన వేళకు ఘాట్ చేరినందుకు మార్కులు పెట్టి, వీధుల నుంచి ఎంపిక చేసిన మామూలు మనుషుల చేత వేయిస్తే హోరు తగ్గవచ్చు. కొన్ని మండపాలవారు అలుగుతారు, అలగనివ్వండి.

దానికన్నా ముందు, ఒక్క సాయంత్రం కొండారెడ్డి బురుజు నుంచి ఘాట్ దాకా వాహనాలన్నీ ఆపి, దారిని నడిచేవారికి ఇచ్చి చూడాలి. నాయకుల కార్లకు కూడా మినహాయింపు ఉండకూడదు. ఆ పని చేయలేకపోతే తుంగభద్ర మీద బాణసంచా మాట ఎత్తడం దండగ.