ఈ-సిగరెట్ నిషేధం: అమ్మేవాడు దొరకడు, తాగేవాడు చెప్పుకోడు

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆవిడ ఒక సాయంత్రం చీర కొంగులో ఏదో చుట్టుకుని వచ్చింది. ‘‘అన్నయ్యా, ఇదేంటో కాస్త చూసి పెట్టండి. మావాడి ప్యాంటు వాషింగ్ మెషిన్‌లో వేయబోతే జేబులో దొరికింది. పెన్‌డ్రైవ్ అంటున్నాడు. పెన్‌డ్రైవ్‌కి మామిడిపండు వాసనేంటి?’’

అరచేతిలో ఇమిడిపోయే డబ్బీ. పైన పసుపు, కిందికొచ్చేసరికి నారింజ రంగు. పీల్చడానికి ఒక చిన్న మూతి, అడుగున సెల్‌ఫోన్‌కి ఉన్నట్టే సీ-టైప్ ఛార్జింగ్ పోర్టు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో 5% అని, దాని పక్కన చైనా లిపిలో రెండు లైన్లు. తయారు చేసింది ఎవరో లేదు, తెచ్చింది ఎవరో లేదు, ఎమ్మార్పీ లేదు. అగ్గిపెట్టె మీద కూడా ఇంతకన్నా ఎక్కువ వివరాలు ఉంటాయి.

అది ఈ-సిగరెట్. పిల్లల భాషలో వేప్. కుర్రాడు ఇంటర్ సెకండియర్. తర్వాత టెర్రస్ మీద నిదానంగా అడిగితే చెప్పాడు. సోషల్ మీడియాలో ఒక పేజీ, అందులోంచి ఒక గ్రూపు, గ్రూపులో ఫ్లేవర్ల లిస్టు. పద్దెనిమిది వందలు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి వేసుకుని ఫోన్‌లోనే కట్టారు. గంటలో బైక్ మీద ఎవరో వచ్చి టీకొట్టు దగ్గర చేతిలో పెట్టి వెళ్లాడు. ‘‘సిగరెట్ కాదు మామయ్యా, ఉత్త ఆవిరే’’ అన్నాడు. వయసెంత అని ఎవరైనా అడిగారా అంటే నవ్వాడు.

ఆ నవ్వు దగ్గర ఆగాలి. ఎందుకంటే మన దేశంలో ఈ వస్తువు అమ్మడం 2019 నుంచి నేరం. ఆ ఏడాది సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ బంద్. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెడితే ఆరు నెలలు, యాభై వేలు. ఎస్సై ర్యాంకు నుంచి ఏ పోలీసు అధికారైనా సోదా చేయొచ్చు. కాగితం మీద చూస్తే సిగరెట్ల చట్టం కన్నా ఇదే చాలా గట్టిది.

ముందే చెప్పేస్తాను, నిషేధం పెట్టడమే తప్పు అనేవాళ్లలో నేను లేను. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో రూపంలో పొగాకు వాడుతుంటే, ఈ-సిగరెట్ వాడేవాళ్లు 0.02 శాతమే. అలవాటు ఊళ్లోకి రాకముందే పొలిమేరలో ఆపాలన్నది అప్పటి లెక్క. 2019 మేలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా పూర్తి నిషేధమే మేలని చెప్పింది. అదే ఏడాది అమెరికాలో హైస్కూలు పిల్లల్లో నూటికి 27 మందికి పైగా గత నెల రోజుల్లో వేప్ వాడామని సర్వేలో ఒప్పుకున్నారు. అక్కడ పదేళ్లు వదిలేసి చూసిన ఫలితం అది. మన దగ్గర ప్రతి మాల్‌లో రంగురంగుల వేప్ షాపు లేకపోవడానికి కారణం ఈ చట్టమే. ఆ మేలును తీసిపారేయలేం.

ఇక ఆ ‘ఉత్త ఆవిరి’ సంగతి. డబ్బీలో ఒక బ్యాటరీ, ఒక సన్నటి తీగ చుట్ట, ద్రవంలో నానిన దూది ఉంటాయి. పీల్చగానే సెన్సర్ పనిచేసి తీగ వేడెక్కుతుంది, ద్రవం పొగమంచులా బయటకొస్తుంది. ఆ ద్రవంలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, ఫ్లేవర్లు, వీటితో పాటు నికోటిన్. నీళ్ల ఆవిరి మాత్రం కాదు. పాత రకాల్లో నికోటిన్ ఎక్కువైతే గొంతు మండి దగ్గొచ్చేది, కొత్తవాడు రెండో దమ్ముకే వదిలేసేవాడు. తర్వాత బెంజోయిక్ యాసిడ్ లాంటివి కలిపి నికోటిన్‌ను ‘సాల్ట్’గా మార్చారు. మంట పోయింది, మోతాదు పెరిగింది. డబ్బీ మీద 5% అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. వేప్‌లు చట్టబద్ధంగా అమ్మే బ్రిటన్‌లో గరిష్ఠ పరిమితి 20. పెద్దవాళ్లకు కూడా అక్కడ అమ్మకూడనంత ఘాటు ఇక్కడ ఇంటర్ కుర్రాడి జేబులో ఉంది. అది కూడా డబ్బీ మీద రాసింది నిజమని నమ్మితేనే.

సిగరెట్‌కి ఒక సుగుణం ఉండేది, వాసనతో దొరికిపోయేది. మా రోజుల్లో తాగినవాడు సోంపు నమిలి, చేతులు కడుక్కుని, గుమ్మంలోనే నాన్నకి దూరంగా తిరిగేవాడు. వేప్‌కి ఆ టెన్షన్ లేదు. బాత్రూమ్‌లో, దుప్పటి కింద, స్టడీ అవర్‌లో చొక్కా చేతిలో దాచుకుని రెండు పఫ్‌లు. సిగరెట్‌కి చివరన పీక మిగులుతుంది, ఒకటి అయిపోయిందని తెలుస్తుంది. దీనికి అయిపోవడం అనేది ఉండదు. రోజుకు ఎన్నిసార్లు పీలుస్తున్నావు అంటే ఆ కుర్రాడు నిజంగానే చెప్పలేకపోయాడు.

నిషేధం మీద ఎక్కువగా వినిపించే విమర్శ, ఇది సిగరెట్ కంపెనీల కోసం చేశారని. ఆర్డినెన్స్ వార్త వచ్చిన రోజు సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగిన మాట నిజం. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీకి సిగరెట్లు చేసే ఐటీసీలో పెద్ద వాటా ఉన్న మాటా నిజం. కానీ అదే ఐటీసీ 2014లో ఈయాన్ పేరుతో తానూ ఒక ఈ-సిగరెట్ తెచ్చింది. కంపెనీకి ఏ రూపంలో అమ్మినా ఒకటే. కాబట్టి కుట్ర సిద్ధాంతం నాకు అంతగా ఎక్కదు. అయితే దాని వెనక ఉన్న ప్రశ్న, సిగరెట్‌ను అమ్మనిచ్చి వేప్‌ను మాత్రం ఎందుకు ఆపారన్నది, గట్టిదే. దానికి నా దగ్గరా సరైన జవాబు లేదు. మా అమ్మమ్మగారి ఊరు కందుకూరు వైపు. వర్జీనియా పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌ల సెగ, ఆ ఆకు తీపి వాసన నాకు చిన్నప్పటి వేసవి సెలవుల జ్ఞాపకం. ఆ పొగాకు ఈ రోజుకీ టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు బోర్డు పర్యవేక్షణలోనే అమ్ముడవుతుంది. 1976 నుంచి గుంటూరు కేంద్రంగా ఉన్న ఆ బోర్డు కేంద్ర వాణిజ్య శాఖది. ఒక శాఖ వేలం నడిపిస్తుంది, ఇంకో శాఖ ప్యాకెట్ మీద పుండ్ల బొమ్మ వేయిస్తుంది. స్కూలుకు వంద గజాల లోపల అమ్మకూడదన్న పాన్ డబ్బాలో విడి సిగరెట్ ఎవరడిగినా ఇస్తారు. ఆ పక్కనే వేప్ అమ్మితే మాత్రం జైలు. పదిహేడేళ్ల కుర్రాడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, వేప్ వద్దనడానికి కారణం ఆరోగ్యం కాదని తేల్చేసుకుంటాడు. వాడితో వాదించడం కష్టం.

హాని సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగడం చాలామంది చూసే ఉంటారు, మండే కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. తరాలుగా నడిచిన అలవాటు. దానివల్ల అంగిలికి ఏమవుతోందో శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్తుల నోళ్లు పరీక్షించిన అధ్యయనం అచ్చయింది 1971లో. పుట్టి ఇరవై ఏళ్లు దాటిన వేప్ గురించి ముప్పై ఏళ్లు పీల్చినవాడి ఊపిరితిత్తులను చూపించమంటే ఎవరు చూపించగలరు? సిగరెట్ పూర్తిగా మానేసి దీనికి మారిన పెద్దవాడికి హాని తగ్గుతుందన్న వాదనలో బలముంది, బ్రిటన్ విధానం దాని మీదే నిలబడింది. ఆ వాదన ఎన్నడూ సిగరెట్ ముట్టని ఈ కుర్రాడికి వర్తించదు.

అసలు చిక్కు చట్టం అమలు దగ్గర మొదలైంది. హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఈ-సిగరెట్లు పట్టుకున్నారన్న వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. అట్టపెట్టెలు టేబుల్ మీద పేర్చి ఫొటో దిగుతారు. గుట్కాతో మనకిది అలవాటైన తంతే. గుట్కా ఆపితే పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఒక ప్యాకెట్ చేసి జంటగా అమ్మారు. తినేవాడు అరచేతిలో కలుపుకున్నాడు. కానీ గుట్కాకీ దీనికీ ఒక తేడా ఉంది. గుట్కాలో ఏముందో అందరికీ తెలుసు. చాటుగా వచ్చే వేప్‌లో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు. 2019లో అమెరికాలో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు, 2,800 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఆ భయం ఇక్కడి నిషేధం చర్చలోకీ వచ్చింది. తీరా విచారిస్తే ఎక్కువ కేసుల్లో కారణం చాటుమాటుగా కొన్న గంజాయి నూనె కాట్రిడ్జ్‌లు, వాటిలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఈ అసిటేట్. సింగపూర్‌లో తాగేవాళ్లకి కూడా జరిమానా వేస్తారు. అక్కడే వేప్‌లలో ఎటోమిడేట్ అనే మత్తుమందు కలిపి అమ్ముతున్నారని 2025 సెప్టెంబరులో దాన్ని డ్రగ్స్ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. సందు కొట్లో సరుకు ఎటు పోతుందో ఈ రెండూ చూపిస్తాయి. మన దగ్గర ఇప్పుడున్నవన్నీ సందు కొట్లే.

అమెరికాలో టెక్సాస్‌లో మా బంధువుల అబ్బాయి గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాడు. కౌంటర్ వెనక గోడంతా వేప్‌లే. గడ్డం నెరిసినవాడు అడిగినా ఐడీ చూస్తానంటాడు, ఇరవై ఒకటి నిండనివాడికి అమ్మితే తన లైసెన్సు పోతుందని అతని భయం. అక్కడ పిల్లలకి దొరకవని కాదు, దొరుకుతాయి. కానీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడు కౌంటర్ వెనక నిలబడ్డాడు. మన టీకొట్టు దగ్గరికి బైక్ మీద వచ్చినవాడికి పోయేదేముంది? నంబర్ మారుస్తాడు. అలాగని మన దగ్గరా లైసెన్సులిచ్చి అమ్మిద్దామా అంటే, ఆ వంద గజాల రూలు అమలవుతున్న తీరు చూశాక నాకు ధైర్యం చాలదు. బ్రిటన్ కూడా వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ నుంచి నిషేధించింది.

నా ఫిర్యాదు వేరే. ఈ చట్టంలో తాగేవాడి గురించి ఒక్క ముక్క లేదు. అమ్మడం, తేవడం, నిల్వ చేయడం నేరమని ఉందే తప్ప వాడటం నేరమని రాయలేదు. నిజానికి అది మంచిదే. కానీ 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ, ఏ రూపంలో, ఎంత పరిమాణంలో దగ్గర ఉంచుకున్నా చట్ట ఉల్లంఘనేనని వివరణ ఇచ్చింది. చట్టంలో స్పష్టంగా లేని మాట వివరణలోకి వచ్చేసరికి, కుర్రాడి జేబులో ఉన్నదానికీ గోడౌన్‌లో ఉన్నదానికీ మధ్య గీత చెరిగిపోయింది. దాని ఫలితం నేను మా కింది ఫ్లోర్‌లోనే చూశాను. ‘‘కాలేజీలో చెబుదామా?’’ అంటే ‘‘వద్దన్నయ్యా, టీసీ ఇచ్చి పంపేస్తారు.’’ ‘‘డాక్టర్ దగ్గరికి?’’ ‘‘ఆయన పోలీసులకి చెబితే?’’ అంది. ఆమె భర్తకి కూడా వారం దాకా చెప్పలేదు.

గంజాయి, హెరాయిన్ లాంటి వాటికి వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. కొద్ది పరిమాణంతో దొరికిన బానిస తానుగా చికిత్సకు వస్తానంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందే వీలు అది. హెరాయిన్ అలవాటైనవాడికి చట్టం తెరిచి ఉంచిన ఆ తలుపు మామిడి ఫ్లేవర్ పీల్చే ఇంటర్ కుర్రాడికి లేదు. పెట్టడానికి పార్లమెంటులో పెద్ద చర్చ కూడా అక్కర్లేదు, తాగేవాడు, ముఖ్యంగా పద్దెనిమిది నిండనివాడు, నేరస్తుడు కాడని ఒక్క సవరణ చాలు. అప్పుడు కాలేజీకి టీసీ బదులు కౌన్సెలర్‌ని పిలవడానికి ఒక సాకు దొరుకుతుంది. పోలీసులకూ కుర్రాళ్ల బ్యాగులు వెతికే పని తప్పి, పార్సిళ్ల వెంట, డబ్బు వెళ్లిన ఖాతాల వెంట పడే తీరిక చిక్కుతుంది. ప్రతి వేప్‌కీ ఎవరో ఒకరి ఖాతాలో పేమెంట్ పడి ఉంటుంది కదా.

పొగాకు మాన్పించే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 సిగరెట్ ప్యాకెట్ మీద ఉంటుంది. వేప్ డబ్బీ మీద ఎవరు వేస్తారు? నేనే ఆ నంబర్ రాసిచ్చాను. చివరికి ఆమె కుర్రాణ్ని తీసుకుని తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లింది. మొదటి వారం చిరాకు, తలనొప్పి, పుస్తకం ముందు కూర్చోలేకపోవడం. రెండో వారం కాస్త నయం. మధ్యలో ఒకసారి మళ్లీ ఫ్రెండ్ దగ్గర పీల్చానని తనే వచ్చి చెప్పాడు.

మిగిలింది ఆ డబ్బీ. నాకు తెలిసిన ఒక ఎస్సైకి ఫోన్ చేసి తెచ్చి ఇస్తే తీసుకుంటారా అని అడిగాను. ‘‘ఎవరి దగ్గర దొరికిందని రాయమంటారు సార్? పిల్లాడి పేరు రాయాలిగా. ఎందుకొచ్చిన గొడవ, పగలగొట్టి చెత్తలో పడేయండి’’ అన్నాడు పాపం, మంచికే. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ, సుత్తి దెబ్బకి అంటుకుంటుంది. అలాగే వేస్తే చెత్త ఏరుకునే పిల్లలెవరికైనా దొరుకుతుంది. ఆవిడ దాన్ని ఖాళీ హార్లిక్స్ సీసాలో పెట్టి, మూత బిగించి, వంటింటి అటక మీద చింతపండు డబ్బాల వెనక దాచింది. మొన్న దసరాకి అటక దులుపుతూ మూత తీసి చూసిందట, ఇంకా మామిడిపండు వాసన వస్తూనే ఉందంది.