అద్దె ముందా, అప్పు గడువు ముందా?

వాణిజ్య భవనాలు కట్టే డెవలపర్ల గురించి రాసేవాళ్లు (మా పత్రికతో సహా) అంతస్తులు లెక్కపెడతారు. చూడాల్సినవి రెండు తారీఖులు: భవనం అద్దెలతో నిండే రోజు, బ్యాంకు బాకీ తీర్చాల్సిన రోజు. వీటి వరస తప్పితే ఎంత గొప్ప కట్టడమైనా చేజారుతుంది.

లండన్‌లోని ఆఫీసు భవనాల సముదాయం కెనరీ వార్ఫ్‌నే తీసుకోండి. రైక్‌మన్ సోదరుల ఒలింపియా అండ్ యార్క్ సంస్థ 1987లో దాన్ని చేపట్టింది. 50 అంతస్తుల వన్ కెనడా స్క్వేర్ 1991లో లేచింది. అప్పటికి ఆఫీసులకు గిరాకీ పడిపోయింది, భూగర్భ రైలు రాలేదు. 1992 మేలో ప్రాజెక్టు అడ్మినిస్ట్రేటర్ల (అప్పులు తీర్చలేని సంస్థను నడపడానికి నియమించేవాళ్ల) చేతికి పోయింది. ఆ భూగర్భ రైలు, జూబిలీ లైను, వచ్చింది 1999లో. స్థలం మంచిదే, 1995లో పాల్ రైక్‌మన్ ఇతర మదుపుదారులతో కలిసి దాన్ని తిరిగి కొన్నారు కూడా.

అద్దెదారులు నిండుగా ఉన్నా గండం తప్పదు. ఖర్చులు పోను ఏడాదికి 100 మిగిల్చే భవనం ఉందనుకుందాం. కొనేవాళ్లు 5 శాతం రాబడితో సరిపెట్టుకుంటే దాని విలువ 2000. అందులో 65 శాతం, అంటే 1300 అప్పు తెచ్చారు. వడ్డీలు పెరిగి కొనేవాళ్లు 6 శాతం అడిగితే విలువ 1667కి దిగుతుంది. అద్దె పిసరంత తగ్గలేదు, ఎవరూ ఖాళీ చేయలేదు. అయినా గడువు తీరి అప్పు తిరగరాసే రోజున బ్యాంకు అదే 65 శాతం పట్టుకుని 1083 దగ్గర ఆగుతుంది. తక్కిన 217 డెవలపరే ఎక్కడినుంచో తేవాలి. పైగా రాబడి కిస్తీకి 1.25 రెట్లు ఉండాలని షరతు ఉంటే, 100 రాబడి మీద 80కి మించి కట్టడానికి వీల్లేదు. 1300 మీద 7 శాతం వడ్డీయే 91!

లీజు మీద సంతకం పడిన రోజున అద్దె మొదలవదు. లోపలి పనులకు కొన్ని నెలలు, అద్దె మినహాయింపు మరికొన్ని నెలలు పోతాయి. అంతకుముందే లిఫ్టుల తనిఖీ, అగ్నిమాపక అనుమతి, శాశ్వత కరెంటు కనెక్షన్ దగ్గర పని ఆగొచ్చు. అప్పటికి మంజూరైన అప్పు దాదాపు అంతా తీసేసి ఉంటారు కాబట్టి, మొదట్లో జరిగే నెల ఆలస్యం కన్నా చివర్లో జరిగే నెల ఆలస్యానికి వడ్డీ ఎన్నో రెట్లు. మాల్‌లో ఇంకో మెలిక: పెద్ద దుకాణం వెళ్లిపోతే తమకూ అద్దె తగ్గించాలని చిన్నవాళ్లు లీజులో ముందే రాయించుకుంటారు.

మెకానికల్ ఇంజినీరు జెరాల్డ్ హైన్స్ 1957లో హ్యూస్టన్‌లో సంస్థ పెట్టి, చిన్న గిడ్డంగులు, ఆఫీసులతోనే మొదలుపెట్టారు. 50 అంతస్తుల వన్ షెల్ ప్లాజా పూర్తయింది 1971లో. అందులోకి వచ్చింది షెల్ ఆయిల్. ఆ పద్నాలుగేళ్లను ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎగరగొట్టాలనుకోవడమే మాకు ఆందోళన కలిగిస్తోంది.

తొందరలో వాళ్లు చదవకుండా సంతకం చేసేది పూచీకత్తు మీదే. కట్టడం పూర్తి చేస్తాననే పూచీ ఇవ్వొచ్చు, అది తన చేతిలోని పని. అప్పు మొత్తానికి సొంత ఆస్తితో పూచీ పడటం వేరు. అప్పుడు మార్కెట్ తప్పులకు కూడా జవాబుదారీ అవ్వాలి. ఒక భవనం బాకీకి మరో భవనాన్ని తాకట్టులో కలిపే షరతు ఉందేమో లాయరుతో వెతికించాలి. అది ఉంటే, ఖాళీగా ఉన్న కొత్త భవనం నిండుగా ఉన్న పాతదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.