పాత గడంచకు కొత్త మెరుపు ఎందుకు?

కొల్లాపూర్ దగ్గర మా అమ్మమ్మ గారింట్లో ఒక గడంచ, అంటే నాలుగు కాళ్ళ చెక్క బల్ల, ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం కింద కృష్ణ ఒడ్డు ఊళ్ళు మునిగినప్పుడు, మా తాత దర్వాజలను, దూలాలను ఊడదీసి ఎడ్లబండి మీద మెరకకు చేర్చిన సామానులో అదీ ఒకటి. దాన్ని విప్పడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదట, ఎందుకంటే అందులో ఇనుప మేకు ఒక్కటీ లేదు. కోడుకు, అంటే కాలుకు, తొలిచిన బెజ్జంలోకి పట్టె (పక్క చట్రపు కర్ర) కొనను దించి, అడ్డంగా కర్ర చీల కొట్టి బిగించారు. అదే ముంపు వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు.

మూడు కోళ్ళు టేకువి, తామరమొగ్గలు చెక్కినవి. నాలుగోదాన్ని చెదలు తినేస్తే ఊరి వడ్లాయన (వడ్రంగి) వేపకర్రతో కొత్తది చేసి పెట్టాడు. మొగ్గ ఉంది కాని, కాస్త లావు. బిందెలు పెట్టిన చోట గుండ్రటి నల్లమచ్చలు పడ్డాయి, అంచున ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు చెక్కలోకి ఇంకిపోయింది, పలక అడుగున చెయ్యి పెడితే చెక్కను చెక్కే బాడిశ దెబ్బలు వరుసగా తగులుతాయి. నాకు దాని అందమంతా ఇక్కడే కనబడుతుంది.

అందుకే హైదరాబాదు దుకాణాలలో ఇటువంటి గడంచలను, సందుగలను (చెక్క పెట్టెలను) మిషనుతో గీకి, ముదురు వార్నిష్ పూసి అద్దంలా మెరిపించి అమ్మడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ మెరుపును అడిగి మరీ చేయించుకునేవారిలో విదేశాలలో ఉన్న మనమూ ఉన్నాము. ఒకసారి గీకిన తరువాత ఆ మచ్చా, ఆ పసుపూ, ఆ బాడిశ గుర్తూ తిరిగి రావు. పైగా, నూరేళ్ళు దాటిన చెక్కడపు వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం. కొనేముందు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఇప్పటికే ఇంట్లో పాత సామాను ఉన్నవారికి ఒక మాట. చలికాలంలో హీటరు గాలికి కర్ర ఎండి కుంచించుకుపోయి కీళ్ళు వదులవుతాయి. అప్పుడు మేకు కొట్టవద్దు, జిగురు పోయవద్దు. చీలను కొద్దిగా లోపలికి దించితే చాలు.

అమ్మమ్మ గారింటి గడంచను నేను కదిలించలేదు. మా మేనమామ ఇప్పటికీ దాని మీదే కూర్చుని పొద్దున పేపరు చదువుతారు. నేను కొలతలు మాత్రం రాసుకుని, ఆ వడ్లాయన మనుమడి చేత వేపకర్రతో కొత్తది చేయించుకున్నాను. అది విడి భాగాలుగా వచ్చింది. మా అబ్బాయీ నేనూ కలిసి చెక్క సుత్తితో ఒక్క గంటలో బిగించాము.