పెద్ద స్టార్ వచ్చాడు సరే, తర్వాత?

ఏటా జూన్ చివర్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు కొత్త టీమ్ ఎంచుకునే సమయం) మొదలవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతుంది. "ఆఫ్‌సీజన్‌లో పెద్ద స్టార్‌ను తెచ్చుకున్న టీమే గెలిచినట్టు. స్టార్ చేజారితే అంతకన్నా ఘోరం లేదు. డ్రాఫ్ట్ పిక్‌లు చిల్లర, ఇచ్చేయొచ్చు. తేడా కొడితే వచ్చే ఏడాది సరిదిద్దుకోవచ్చు." (డ్రాఫ్ట్ పిక్ అంటే లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్లలో ఒకణ్ణి ఎంచుకునే వంతు.) ఈ నాలుగు ముక్కలూ తప్పే. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు నేనూ ఇవే చెప్పేవాణ్ణి.

2019లో అమెరికాలో జూన్ 30 సాయంత్రం ఆరు గంటలంటే మనకు జూలై 1 తెల్లవారుజామున మూడున్నర. అలారం పెట్టుకుని లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా దుప్పటి ముసుగులో ఫోన్ చూస్తూ కూర్చున్నాను. కెవిన్ డ్యురాంట్, కైరీ అర్వింగ్ ఇద్దరూ బ్రూక్లిన్ నెట్స్‌కే! "ఇక ఈస్ట్‌లో (లీగ్‌లో నెట్స్ ఉన్న సగంలో) పోటీ లేదు" అని గ్రూపులో పెట్టింది నేనే. 2023 ఫిబ్రవరికల్లా ఇద్దరూ వెళ్లిపోయారు. మధ్యలో జేమ్స్ హార్డెన్ కూడా వచ్చి పోయాడు. వీళ్లంతా కలిసి గెలిచిన ప్లేఆఫ్ సిరీస్‌లు ఎన్నో తెలుసా? ఒక్కటి.

అదృష్టం కలిసిరాలేదంటారా? కొంత ఒప్పుకుంటాను. 2021 జూన్ 19న మిల్వాకీతో ఏడో మ్యాచ్. ఒక్క సెకను ఉందనగా డ్యురాంట్ వెనక్కి తిరిగి కొట్టిన షాట్ పడింది. మూడు పాయింట్లయితే సిరీస్ నెట్స్‌దే. రీప్లేలో చూస్తే బూటు కొస మూడు పాయింట్ల గీత మీద ఉంది. రెండే ఇచ్చారు. 109-109 దగ్గర ఓవర్‌టైమ్‌కు వెళ్లి నెట్స్ ఓడింది. కానీ అదృష్టం మీదే అంత ఆధారపడాల్సి వచ్చినప్పుడు, గెలుపు జూలైలోనే ఖాయమైందని ఎలా అంటాం?

పెద్ద పేర్లు తెచ్చి కప్పు కొట్టినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2018లో టొరంటో కవాయ్ లెనర్డ్‌ను తెచ్చుకుంది, మరుసటి ఏడాది కప్పు గెలిచింది. స్టార్ అక్కర్లేదని నేననడం లేదు. 2012లో లేకర్స్ కూడా స్టీవ్ నాష్‌ను, డ్వైట్ హవర్డ్‌ను తెచ్చి కోబీ బ్రయంట్ పక్కన నిలబెట్టింది. ఐదు మ్యాచ్‌లకే కోచ్ ఉద్యోగం ఊడింది. 45 గెలుపులు, 37 ఓటములతో ఎలాగో ప్లేఆఫ్స్‌కు చేరి, మొదటి రౌండ్‌లోనే స్పర్స్ చేతిలో 4-0తో చిత్తయింది. వేసవి రాగానే హవర్డ్ హ్యూస్టన్‌కు వెళ్లిపోయాడు.

స్టార్ చేజారితే ఘోరమన్న రెండో ముక్కకు జవాబు కూడా ఇదే లేకర్స్ కథలో ఉంది. 2019లో ఆంథనీ డేవిస్‌ను ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) తెచ్చుకున్నాక, లెనర్డ్ కూడా వస్తాడేమోనని డబ్బు ఖర్చు పెట్టకుండా దాదాపు వారం రోజులు ఎదురుచూసింది. అతను రాలేదు, అదే ఊళ్లోని క్లిప్పర్స్‌కు వెళ్లాడు. అంతకన్నా అవమానం ఏముంటుంది? మిగిలిన డబ్బుతో డ్యానీ గ్రీన్ లాంటి వాళ్లను తీసుకున్నారు. ఆగస్టులో, గ్యారంటీ కూడా లేని కాంట్రాక్టు మీద ఒక సెంటర్‌ను తెచ్చారు. అతనెవరో కాదు, అదే డ్వైట్ హవర్డ్. 2020లో కప్పు లేకర్స్‌దే.

మిల్వాకీదీ ఇలాంటి కథే. కొవిడ్ వల్ల ఆఫ్‌సీజన్ 2020 నవంబర్‌కు జరిగింది. బోగ్డాన్ బోగ్డానోవిచ్ వచ్చేసినట్టే అనుకున్న డీల్ చెడిపోయింది. నిబంధనలు దాటి ముందే మాట్లాడుకున్నారని లీగ్ ఒక సెకండ్ రౌండ్ పిక్ కూడా లాగేసుకుంది. పరువు పోయిందన్నారు. అయితే అదే ఆఫ్‌సీజన్‌లో జ్రూ హాలిడే వచ్చాడు. డిసెంబర్‌లో టీమ్ స్టార్ యానిస్ ఐదేళ్లకు 22.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. ఉన్నవాణ్ణి నిలబెట్టుకోవడాన్ని మన గ్రూపుల్లో ఎవరూ వార్తగా కూడా చూడరు. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో అతనే 50 పాయింట్లు కొట్టి కప్పు తెచ్చాడు.

ఇక మూడోది, నాకు బాగా మంటెక్కించే మాట, డ్రాఫ్ట్ పిక్‌లు చిల్లర అన్నది. లెనర్డ్ క్లిప్పర్స్‌కు వెళ్తున్నాడన్న వార్త మనకు 2019 జూలై 6న, శనివారం పొద్దుటిపూట తెలిసింది. దాంతో పాటే ఇంకో వార్త: ఓక్లహోమా సిటీ థండర్ నుంచి పాల్ జార్జ్ కూడా క్లిప్పర్స్‌కే. లెనర్డ్‌కు జార్జ్ జోడీగా కావాలి, కాబట్టి అవసరం క్లిప్పర్స్‌ది. ధర చెప్పింది థండర్. ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు పిక్ స్వాప్‌లు (పిక్‌లు మార్చుకునే హక్కులు), డేనిలో గాలినారి, ఇంకా రూకీ (తొలి) ఏడాదిలో మ్యాచ్‌కు 10.8 పాయింట్లు కొట్టిన ఒక సన్నటి కుర్రాడు. "బావా, ఈ పిక్‌లతో కప్పు వస్తుందా?" అని మా గ్రూపులో ఒకడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాతి రోజులు థండర్‌కు బాగా గడిచాయని చెబితే అబద్ధమే. 2020-21లో 22 గెలుపులు, మరుసటి ఏడాది 24. 2021 డిసెంబర్ 2న మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడింది. ఎన్‌బీఏ చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. టికెట్టు కొనుక్కుని వెళ్లిన ఓక్లహోమా జనం ఓపికకు దండం పెట్టాలి.

కానీ ఆ సన్నటి కుర్రాడు షే గిల్జియస్-అలెగ్జాండర్. క్లిప్పర్స్ ఇచ్చిన 2022 పిక్‌తో 12వ స్థానంలో వచ్చినవాడు జేలెన్ విలియమ్స్. 2024-25లో థండర్ 68 మ్యాచ్‌లు గెలిచింది. షే ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో విలియమ్స్ 40 పాయింట్లు కొట్టాడు. కప్పు వచ్చింది. మరి క్లిప్పర్స్? 2020లో డెన్వర్ మీద 3-1 ఆధిక్యం పోగొట్టుకుంది, 2021లో వెస్ట్ (లీగ్‌లో రెండో సగం) ఫైనల్ దాకా వెళ్లి ఆగింది. లెనర్డ్, జార్జ్ కలిసున్న ఐదు సీజన్లలో ఒక్కసారీ ఫైనల్స్ చూడలేదు. 2024లో జార్జ్ నాలుగేళ్లకు 21.2 కోట్ల డాలర్లకు ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. బదులుగా క్లిప్పర్స్‌కు దక్కింది సున్నా.

ఆ వేసవిలో విజేత ఫిలడెల్ఫియా అన్నారు మళ్లీ. జార్జ్ 41 మ్యాచ్‌లు, అక్కడి పాత స్టార్ ఎంబీడ్ 19 మ్యాచ్‌లు ఆడారు. టీమ్ రికార్డు 24-58. పిక్‌లు నమ్ముకుని థండర్ ఓడిన రోజుల్లో, 2021-22లో వాళ్ల రికార్డు కూడా అచ్చంగా ఇదే. తేడా ఒక్కటే. థండర్ మీద 21 కోట్ల కాంట్రాక్టు బరువు లేదు.

"వచ్చే ఏడాది సరిదిద్దుకోవచ్చు" అన్నది ఐపీఎల్ కళ్లతో చూసేవాళ్ల మాట. అక్కడ ఆటగాడు నచ్చకపోతే సీజన్ అయ్యాక వదిలేస్తారు, ఆ డబ్బు మళ్లీ వేలం పర్సులో చేరుతుంది. ఎన్‌బీఏలో పెద్ద కాంట్రాక్టులు దాదాపు ఎప్పుడూ గ్యారంటీ. ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిందే, శాలరీ క్యాప్‌లో (టీమ్ జీతాల పరిమితిలో) లెక్క కట్టాల్సిందే. పైగా 2023 నుంచి సెకండ్ ఏప్రన్ అనే గీత ఒకటి వచ్చింది. టీమ్ జీతాలు ఆ గీత దాటితే ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడికి ట్రేడ్ చేయడం కూడా కుదరదు.

ఇదంతా ఒకేసారి నెత్తిమీద పడింది ఫీనిక్స్‌కు. డ్యురాంట్, డెవిన్ బుకర్ ఉండగానే 2023 జూన్‌లో బ్రాడ్లీ బీల్‌ను తెచ్చారు. తన అంగీకారం లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు అతని కాంట్రాక్టులో ఉంది. అదీ వెంట వచ్చింది. మొదటి ఏడాది మిన్నెసోటా చేతిలో 4-0. రెండో ఏడాది 36-46, ప్లేఆఫ్స్ కూడా లేవు. 2025 వేసవిలో డ్యురాంట్‌ను హ్యూస్టన్‌కు పంపారు, బీల్‌ను బయౌట్ చేసి (డబ్బు సంగతి తేల్చుకుని కాంట్రాక్టు తెంచి) వదిలేశారు. అతనికి బాకీ ఉన్న డబ్బును ఐదేళ్లకు సర్దారు: ఏటా దాదాపు 1.94 కోట్ల డాలర్లు, 2029-30 దాకా, టీమ్‌లో లేని మనిషికి.

బీల్ అదే వేసవిలో క్లిప్పర్స్‌తో సంతకం చేశాడు. మా గ్రూపులో అప్పుడే ఎవరో చప్పట్ల బొమ్మలు పెట్టేశారు.