బెల్టు క్షేమమే మాకు ముఖ్యం

ఎత్తు మీద పనిచేసేవాళ్ల రక్షణ గురించి ఈ మధ్య అందరూ తెగ ఇదైపోతున్నారు. వాళ్లు తొడుక్కునే సేఫ్టీ బెల్టు రక్షణ గురించి మాట్లాడే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

విజయనగరం నుంచి రాజాం వైపు వెళ్లే దారిలో ఒక ఫ్యాక్టరీ, పేరెందుకులెండి, దాని స్టోర్సులో నేను గుమస్తాని. తాళాలతో పాటు సేఫ్టీ బెల్టుల రిజిస్టరు కూడా నాకే అప్పగించారు. నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి గానీ చేతిరాత బాగుంటుంది.

మా దగ్గర ఆరు బెల్టులు. నడుముకి కట్టే పాతరకం కాదు, భుజాలు, తొడలు కూడా పట్టుకునే ఫుల్ బాడీ రకం. అద్దాల బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. ఎండకి నైలాను పట్టీలు బలం కోల్పోతాయంటారు. వెల్డింగు నిప్పురవ్వ తగలకూడదు, యాసిడ్ పడకూడదు, రంగులు పూయకూడదు అని కూడా అంటారు. ఆలోచించి చూస్తే ఈ కష్టాలన్నీ బెల్టుకి పనివాడి వల్ల వచ్చేవే. అందుకే పనివాడికి ఇవ్వడం మానేశాను.

ఇక రిజిస్టరు. పట్టీ, కుట్టు, డి రింగు, కొక్కెం, తాడు, చీటీ అని వరసగా గళ్లు. మొదటి నెల ప్రతి గడిలోనూ ‘బాగుంది’ అని ముత్యాల్లా రాశాను. రెండో నెల నుంచి డిటో. 4వ నంబరు బెల్టుని ఎవరో బోరులో పడ్డ మోటారు లాగడానికి పట్టుకెళ్లారు, మళ్లీ కనబడలేదు. పద్నాలుగు నెలలుగా దాని పరిస్థితీ డిటోయే. లేని బెల్టుకి చిరుగెలా పడుతుంది చెప్పండి? మొత్తం ఆరింట్లో నేను గుండె మీద చెయ్యేసుకుని సంతకం పెట్టేది దానికొక్కదానికే.

ఏటా దసరాకి ఆయుధపూజ కూడా చేయిస్తాను. పట్టీలకి గంధం, కొక్కేలకి పసుపు కుంకుమ.

ఇంత పద్ధతిగా సాగుతున్న వ్యవస్థలోకి ఎచ్చెర్ల వైపు కుర్రాడొకడు వచ్చిపడ్డాడు. కాంట్రాక్టరు మనిషి. మన శ్రీకాకుళం కుర్రాళ్లతో వచ్చిన చిక్కే ఇది. పొట్ట చేతపట్టుకుని దేశమంతా తిరిగి పనులు చేసొస్తారు, వస్తూ వస్తూ అక్కడి అలవాట్లు మోసుకొస్తారు. వీడు గుజరాత్‌లో ఏదో రిఫైనరీలో చేసొచ్చాట్ట. షెడ్డు మీద కారుతున్న రేకు మార్చాలి, బెల్టిమ్మన్నాడు. మనసు చంపుకుని 2వ నంబరు తీసిచ్చాను. తొడుక్కుని ఎక్కాలి కదా. ఎక్కకుండా వాచీలు బాగుచేసేవాడిలా దాన్ని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

ముందు చీటీ వెతికాడు. ఈ బెల్టుల ప్రమాణం నంబరు ఐఎస్ 3521 అనో, తయారైన నెలా సంవత్సరమో ఏదో ఒకటి ఉండాలట. ఉతికినప్పుడు పోయిందన్నాను. తర్వాత పట్టీని రెండు చేతులా జానెడు ఎడంగా పట్టుకుని విల్లులా వంచాడు. చదునుగా ఉన్నప్పుడు నున్నగా కనబడ్డ పట్టీ, వంచేసరికి కొబ్బరిపీచులా పోగులు లేచి నిలబడింది. అలా వంచుకుంటూ ఆ చివర నుంచి ఈ చివర దాకా పోయాడు. చూడకూడనివి చూడటమంటే ఇదే. కొక్కెం నొక్కి వదిలాడు. తెరుచుకున్న నాలిక తెరుచుకున్నట్టే ఉండిపోయింది. గోటితో గీకితే స్ప్రింగులోంచి మూడు దసరాల కుంకుమ రాలింది.

“ఇదేటండీ బాబూ, ఇక్కడ కుట్టేసినారు?” అన్నాడు, తాడు మధ్యనున్న ప్యాకెట్టు పట్టుకుని.

నా పనితనం గుర్తించిన మొదటి మనిషి. గర్వంగా చెప్పాను. ఒకసారి ఒకడు జారితే ఆ ప్యాకెట్టు పర్రున చిరిగిపోయింది, నేనే దబ్బనంతో, మన జిల్లా పురికొసతో గోతాం మూతి కుట్టినట్టు గట్టిగా కుట్టించానని.

కుర్రాడు నా వంక చాలాసేపు చూశాడు. అది చిరగడానికే ఉందట. మనిషి పడ్డప్పుడు లోపలి మడతలు కుట్లు తెంపుకుంటూ విప్పుకుని, ఆ కుదుపుని మింగేస్తాయట. నా పురికొస తెగకపోతే ఆ కుదుపంతా వెన్నుపూసకే. ఒకసారి మనిషిని ఆపిన బెల్టు మళ్లీ వాడకూడదట. ప్రాణం కాపాడినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తారన్నమాట.

అక్కడితో ఆగాడా? కొక్కెం దేనికి తగిలించాలన్నాడు. ట్యాంకుకి వెళ్లే ప్లాస్టిక్ పైపు చూపించాను. అమెరికా వాళ్ల లెక్కలో ఆ చోటు మనిషికి 5,000 పౌన్లు, అంటే దాదాపు 2,270 కిలోలు ఆగాలట. మేమెవరమూ అంత బరువు లేమన్నాను. తర్వాత నేల మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. తాడు 1.8 మీటర్లు, ప్యాకెట్టు విప్పుకుంటే ఇంకో మీటరు పైనే, కింద వేలాడే మనిషి పొడవు, ఆపైన మీటరు ఖాళీ. కొక్కెం తగిలించిన చోటు నుంచి దగ్గర దగ్గర ఆరు మీటర్లు. మా షెడ్డు నాలుగున్నర. అంటే పడ్డవాణ్ని నేల ముందు ఆపుతుంది, బెల్టు తర్వాత. బెల్టు మీద ఏ ఒత్తిడీ పడదు. దాని భద్రత విషయంలో మా షెడ్డు ఇంత నిర్దోషంగా కట్టారని నాకు అప్పటిదాకా తెలీదు.

చట్టం చదవమన్నాడు. చదివాను. అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లో, పడిపోయే వీలున్న ఎత్తులో పనిచేసేవాడి భద్రతకి కంచెతోనో మరోలాగో ఏర్పాటు చేయాలనే రాశారు. దాంతోపాటే ‘సహేతుకంగా సాధ్యమైనంత వరకు’ అని కూడా రాశారు. ఎంత చల్లని మాట! మా మేనేజరుగారు ఆ మాట నీడలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

చివరికి నేనూ ఊరి పౌరుషం బయటికి తీశాను. “ఒరే, దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను చూశావా? అంత ఎత్తున మాను కొసన కూర్చుని పూజారిగారు గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతారు. మనకి భయమేట్రా?”

“సూసేనండి. ఆ చింతమానుని అమ్మవారు కల్లోకొచ్చి సెప్పిన కాడ్నుంచి తెత్తారు. ఏటా కొత్త మానే. పోయినేటిది కట్టరు. మరి ఈ బెల్టు ఏ ఏటిదో మీకు తెల్సునా బాబూ?”

చీటీ పోయిందని చెప్పాను కదా.

వాడు షెడ్డెక్కలేదు. రేకు ఇంకా కారుతోంది, కింద బకెట్టు పెట్టాం. పోతూ పోతూ, పనికిరాని బెల్టుని ఇంకెవరూ తొడుక్కోకుండా కోసేయాలంటూ, నేను వద్దువద్దంటున్నా కత్తెర తీసి సరిగ్గా మధ్యకి కోసేశాడు. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పెద్దాఫీసు నుంచి తనిఖీకొస్తున్నారు, రిజిస్టరులో ఆరు, బీరువాలో నాలుగు.

తెల్లవారుజామున వెలిగింది. ఒక ముక్క మీద 2 అనీ, రెండో ముక్క మీద 4 అనీ తెల్లరంగుతో రాయించాను. పద్నాలుగు నెలల తర్వాత లెక్క సరిపోయింది. వచ్చినాయన అద్దంలోంచే ఆరూ లెక్కపెట్టి, నా చేతిరాత మెచ్చుకుని, సంతకం పెట్టి వెళ్లారు.