మస్కట్ పెట్టుకోండి, కానీ అది మీ కొట్టు బొమ్మ అవ్వాలి

వైజాగ్‌లో కొత్తగా కొట్టు తెరిచిన ప్రతివాళ్లకీ ఇప్పుడు ఒకటే ప్యాకేజీ అమ్ముతున్నారు. లోగో, మస్కట్ (కొట్టుకి గుర్తుగా పెట్టుకునే బొమ్మ), నెలకి ఇన్ని పోస్టులు, ఇన్ని రీల్స్, ఓపెనింగ్ రోజున ఒక ఇన్‌ఫ్లుయెన్సర్. ఎంవీపీ కాలనీలో టిఫిన్ సెంటర్‌కీ అదే, గాజువాకలో బట్టల షాపుకీ అదే, మధురవాడలో మొక్కల నర్సరీకీ అదే. ఆ మస్కట్‌కి ఎక్కడ చూసినా ఒకటే మొహం. గుండ్రటి తల, పెద్ద కళ్లు, పైకెత్తిన బొటనవేలు. కింద పేరు తీసేస్తే ఏ కొట్టుదో ఓనరే చెప్పలేడు. చిన్న కొట్ల పేజీలు చూసిపెట్టడం నా పని కాబట్టి ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఫ్రిజ్ కొన్నవాళ్ల డబ్బది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మస్కట్ వద్దని నేననను. చిన్న కొట్టుకే అది ఎక్కువ అవసరం. పెద్ద కంపెనీ రోజూ టీవీలో కనబడగలదు, మనకా స్తోమత లేదు. మన బొమ్మ కంటపడగానే "ఓ, వాళ్లదా" అనాలి జనం. ఆ గుర్తింపు బొమ్మ అందంతో రాదు, ఏళ్ల తరబడి అదే బొమ్మ కనబడితే వస్తుంది. అమూల్ పాపనే చూడండి. 1966లో ప్రకటనలు చేసే సిల్వెస్టర్ డాకున్హా ఆలోచన, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెస్ గీత. ఇప్పటికీ అదే చుక్కల గౌను, అదే నీలం జుట్టు. మారేదల్లా హోర్డింగ్ మీద విషయమే. ఏషియన్ పెయింట్స్ బొమ్మ, గట్టు అనే కుర్రాడు, 1954లో కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ కుంచె నుంచి పుట్టాడు. చేతిలో బ్రష్షు, రంగు డబ్బా, మొహం మీద పడే జుట్టు. ఆ పేరు కూడా పోటీ పెట్టి జనం చేతే పెట్టించారు. 2002లో కంపెనీ వాడిని పక్కన పెట్టేసింది, అయినా మా నాన్నగారి వయసువాళ్లకి రంగులంటే ఇప్పటికీ ఆ కుర్రాడే. ఇక్కడేమో ఏజెన్సీ మారితే బొమ్మ మారిపోతోంది. నిన్న సింహం, ఇవాళ రోబో. కస్టమర్ దేన్ని గుర్తుపెట్టుకోవాలి?

అక్కయ్యపాలెంలో పచ్చళ్లు అమ్మే ఒకావిడ ఉన్నారు. కొట్టుకి ఎవరొచ్చినా ముందు "చెయ్యి పట్టమ్మా" అని అరచేతిలో గోరంత ఆవకాయ పెడతారు. కారం ఎక్కువైందనీ, ఉప్పు తక్కువైందనీ తర్వాత వాదన లేకుండా, వచ్చినవాళ్లు రుచి చూసే కొంటారు. ఆవిడ కొట్టంతా ఆ అరచేతిలోనే ఉంది. ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి ఆవిడకి గరిటె పట్టుకున్న ఒక కార్టూన్ పిల్లని తగిలించారు. తెల్ల కోటు, చెఫ్ టోపీ. ఆవిడ ఎప్పుడూ కట్టేది నేత చీర, తలకి గుడ్డ. వీడియో తీసినప్పుడు "ఇది కొత్తపల్లి కొబ్బరి మామిడి, సూడండి" అని ఎంత బాగా చెప్పారో! ఆ మాటలన్నీ తీసేసి పైన ట్రెండింగ్ పాట పెట్టారు. బిజినెస్ అకౌంట్‌కి సినిమా పాటలన్నీ వాడుకునే హక్కు ఉండదు, కొన్నాళ్లకి ఆ రీల్‌కి శబ్దం పోయింది. ఆవిడ గొంతూ లేదు, పాటా లేదు. డబ్బు మాత్రం పూర్తిగా కట్టారు.

తర్వాత వాళ్ల మనవరాలు డిగ్రీ నోట్సు వెనక పేజీలో ఒక అరచెయ్యి గీసింది. మధ్యలో ఎర్రగా ఒక ముద్ద, మణికట్టుకి రెండు గాజులు. అంతే. అదే ఇప్పుడు సీసా మీద, సంచీ మీద, వాట్సాప్ డీపీలో ఉంది. పక్కన మాట ఒకటే: "ఏటి, ఉప్పు సరిపోనాదా?" నేను చూసిన మస్కట్‌లలో దాన్ని మించింది లేదు.

ఈ భాష సంగతి నాకు చాలా ముఖ్యం. మన బొమ్మలు మన మాట ఎందుకు మాట్లాడవు? పూర్ణా మార్కెట్లో, ఫిషింగ్ హార్బర్లో, గోపాలపట్నం రైతు బజార్లో వినబడే యాసకి ఉన్న చనువు ఏ క్యాప్షన్‌కీ రాదు. కానీ పేజీ తెరిస్తే సగం ఇంగ్లీషు, మిగతా సగం సీరియల్ తెలుగు. "మీ రుచుల ప్రపంచానికి స్వాగతం" అని రోడ్డు పక్కన బజ్జీల బండి ఆయన ఏనాడైనా అన్నాడా? ఉత్తరాంధ్ర యాసని సినిమాల్లో నవ్వించడానికి వాడి వాడి, మనవాళ్లే పేజీలో రాయడానికి సిగ్గుపడేలా చేశారు. ఆ సిగ్గు పోవాలి. మీ కస్టమర్ మీతో ఎలా మాట్లాడతాడో మీ బొమ్మా అలాగే మాట్లాడాలి.

ఇక రీల్స్. 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగిపోయి, ఆ వెంటనే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాక అందరికీ వ్యూస్ పిచ్చి పట్టింది. సీతమ్మధారలో వేడివేడి పునుగులు వేసేవాళ్లకి నిజామాబాద్‌లో ఉన్న ఫాలోవర్ వల్ల ఏం ఒరుగుతుంది? మీ చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఉన్నవాళ్లు చూడాలి. దానికి వాట్సాప్ స్టేటస్, గూగుల్ మ్యాప్స్‌లో సరైన లొకేషన్, తెరిచే వేళలు, నిజం ఫొటోలు చాలా వరకు చాలు. "ఇవాళ పెసర పునుగులు, అయిదింటికి" అని రోజూ ఒక స్టేటస్ పెట్టి, మూలన మీ బొమ్మ ఉంచండి. డబ్బు తీసుకుని ఫుడ్ వీడియోలు చేసేవాళ్లని పిలిస్తే రెండు రోజులు జనం ఎగబడతారు, రోజూ వచ్చే పాత కస్టమర్‌కి ప్లేటు దొరక్క వెనక్కి పోతాడు. పైగా డబ్బు తీసుకుని చేసినప్పుడు అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చెప్పాలని ప్రకటనల తీరు చూసే సంస్థ యాస్కీ (ఏఎస్‌సీఐ) 2021లోనే మార్గదర్శకాలు పెట్టింది. ఎంతమంది పాటిస్తున్నారో మీరే చూడండి.

బొమ్మ గీయించేటప్పుడు మాత్రం గట్టిగా ఉండండి. ఏఐలో ఒక్క నిమిషంలో వచ్చిన బొమ్మని మస్కట్ అని ఇస్తే తీసుకోకండి. పక్కకి తిరిగిన బొమ్మ అడిగితే దానికి ఇంకో మొహం వస్తుంది, కూర్చున్నది అడిగితే మరొకటి. మనిషి చేత గీయించండి, ఊళ్లో ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లున్నారు, పనికి తగ్గ డబ్బివ్వండి. ముందు, పక్క, వెనక ఎలా ఉంటుందో ఒక షీటు అడగండి. ఒకే రంగులో కూడా పలికేలా ఉండాలి, ఎందుకంటే రేపు దాన్ని రబ్బరు స్టాంపు మీదా, గుడ్డ సంచీ మీదా వేయాలి. ఫ్లెక్సీకి చిన్న జేపీజీ ఇస్తే పెద్దది చేసేసరికి మసకబారుతుంది, ఎంత పెంచినా చెదరని కోరల్‌డ్రా ఫైలు కావాలి. అది మీ చేతికి రావాలి. బొమ్మ మీద హక్కులు మీకు రాసిచ్చినట్టు కాగితం ఉండాలి. పేజీ మీ ఫోన్ నంబరుతో, మీ మెయిల్‌తో తెరవాలి. ఏజెన్సీతో గొడవొచ్చి ఏళ్లుగా పెంచుకున్న పేజీ పాస్‌వర్డ్ దొరక్క ఏడ్చినవాళ్లని చూశాను. ట్రేడ్‌మార్క్ అంటే భయపడకండి. సొంత పేరు మీద గానీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సంస్థగా గానీ ఆన్‌లైన్‌లో వేసుకుంటే ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో రకం సరుకుకి, 4,500 రూపాయల ప్రభుత్వ రుసుము. వస్తే పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. ఓపెనింగ్ రోజు బెలూన్ల ఆర్చీకే అంతకంటే ఎక్కువ పెడుతున్నారు.

ఇంకో విషయం, ఇది రాయకుండా ఉండలేను. షాపుల ముందు ఎలుగుబంటి వేషం వేయించి ఎగిరిస్తున్నారే, ఆ కుర్రాడి గురించి ఒక్కసారి ఆలోచించారా? మే నెలలో ద్వారకానగర్లో ఒకడు వేషం తల తీసి మెట్ల మీద కూర్చున్నాడు. జుట్టులోంచి చెమట ధారగా కారుతోంది, లోపలి స్పాంజి పిండితే నీళ్లొచ్చాయి, నోటి దగ్గరున్న చిన్న జాలీయే వాడికి గాలి. మన ఊరి ఉక్కపోత తెలిసినవాళ్లెవరైనా మధ్యాహ్నం పూట మనిషిని అందులో పెడతారా? పెట్టాల్సే వస్తే సాయంత్రం పెట్టండి, ఇద్దర్ని పెట్టుకుని మార్చండి, నీళ్లివ్వండి, కూర్చోనివ్వండి. పిల్లలు వెనక నుంచి తోక లాగుతుంటే ఫోన్లో తీసి నవ్వుకునే పెద్దవాళ్లకి కూడా చెప్తున్నాను, లోపల ఉన్నది మనిషి.

ఆ వేషానికి పెట్టే డబ్బుతో లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లండి. హైవే మీద అనకాపల్లి దాటి వెళ్తే, వరాహ నది ఒడ్డున. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అంకుడు కర్రని లేతు అనే యంత్రానికి బిగించి తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది, పైన మొగలి రేకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు. మీ మస్కట్‌ని జానెడు బొమ్మగా చేయించి గల్లాపెట్టె పక్కన పెట్టండి. రీల్ తీయాలంటే ఆ బొమ్మనే తీయండి, పొద్దున్న షట్టర్ ఎత్తేటప్పుడు, పొయ్యి వెలిగించేటప్పుడు, సరుకు దిగేటప్పుడు. పిల్లలు చేత్తో ముట్టుకుంటారు, మళ్లీ వచ్చినప్పుడు అదెక్కడని అడుగుతారు.

ఊరి స్థాయిలోనూ చేయొచ్చు. జపాన్లో కుమమోటో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) 2010లో కుమామోన్ అని ఒక నల్ల ఎలుగుని పుట్టించి, అనుమతి తీసుకుంటే చాలు, రాయల్టీ లేకుండా స్థానిక వ్యాపారులు వాడుకోనిచ్చింది. బిస్కెట్ ప్యాకెట్ నుంచి తువ్వాలు దాకా అదే ఎక్కింది. మన తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖవాళ్లు పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ అలాంటి తాబేలొకటి గీయించి, మరమరాల మురీ మిక్చర్ బండివాళ్ల దగ్గర్నుంచి అందరికీ ఉచితంగా ఇస్తే ఎంత బాగుంటుంది! దీని మీద వినతిపత్రం రాస్తున్నాను, సంతకం పెట్టేవాళ్లు కింద చెప్పండి. ఏటికొప్పాకలో బొమ్మ చేయించాలనుకునేవాళ్లు సంక్రాంతి బొమ్మల కొలువులు దగ్గర పడకముందే వెళ్లండి, స్కెచ్చు రెండు వైపులా గీయించి పట్టుకెళ్లండి.